బొమ్మల పుస్తకాలకు గ్రేడు వేసిన పెద్దమనుషులు

పెళ్ళయి బ్రాడీపేట ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తలో, ఇంట్లో ఉన్న రెండు ఇనప బీరువాల్లో పెద్దది తనదని, దాని జోలికి వెళ్ళొద్దని మా ఆయన చెప్పాడు. చిన్నదాంట్లో ఇద్దరి బట్టలూ సర్దుకోమన్నాడు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మనిషి కదా, అందులో పరీక్ష పేపర్లో, అత్తగారి నగలో, పొలం కాగితాలో ఉంటాయనుకున్నాను. ఏదైనా గౌరవంగా తాళం వేసి పెట్టుకోదగ్గదే ఉంటుందనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున ఆయనే తెరిచి చూపించాడు. పై అర నుంచి కింది అర దాకా పిల్లలు చదువుకునే బొమ్మల కథల పుస్తకాలు. కొన్ని మద్రాసులో అచ్చయిన తెలుగువి, కొన్ని బొంబాయివి, చాలా మటుకు ఇంగ్లీషువి. ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ సంచి. తలుపు తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. నేను చెయ్యి చాపితే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు, నెమ్మదిగానే, కానీ పట్టుకున్నాడు.

"ఇవి చాలా పాతవి. రోజులు గడిచేకొద్దీ విలువ పెరుగుతుంది," అన్నాడు.

"అమ్ముతారా అయితే?"

"అమ్మడానికా ఇంత జాగ్రత్తగా దాచింది?"

"మరి చదువుకోవడానికా?"

"చదివితే నలుగుతాయి," అన్నాడు, ఏమీ తెలియని దానికి పాఠం చెబుతున్నట్టు.

మాది చీరాల. మా నాన్న బడిపంతులు. మా ఇంట్లో అట్ట ఉన్న పుస్తకం ఒక్కటి లేదు. అట్టలన్నీ చదివీ చదివీ ఊడిపోయినవే. మొదటి పేజీ లేని నవలలు కూడా ఉండేవి. ఆ పేజీలో ఏముందో ముందు చదివినవాళ్ళు తర్వాతివాళ్ళకి నోటితో చెప్పేవాళ్ళు. అలాంటి ఇంట్లోంచి వచ్చి, చదవకూడని పుస్తకాలున్న ఇంట్లో పడ్డాను. ఆ రోజు నాకు ఆయన మీద కోపం రాలేదు. చిన్నచూపు కలిగింది. మొగుడి మీద కోపం వస్తే పోతుంది. చిన్నచూపు ఒకసారి వచ్చి కూర్చుంటే లేపడం కష్టం.

ఆయనకి ఈ పిచ్చిలో ఇద్దరు తోడు. ఒకాయన పళ్ళ డాక్టరు, మా వీధి చివరే ఆసుపత్రి. రెండో ఆయనకి ఊరి బయట పత్తి మిల్లు ఉంది, మిర్చి యార్డులో కమీషను వ్యాపారం కూడా ఉంది. మేము మిల్లాయన అనేవాళ్ళం. ముగ్గురూ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో కలిసేవాళ్ళు. భోజనాల బల్ల మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిచేవాళ్ళు. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, వేళ్ళకి పౌడరు రాసుకునేవాళ్ళు. పెళ్ళిచూపులకి కూడా మా ఆయన అంత శుభ్రంగా రాలేదు.

ఆ తర్వాత పుస్తకాలకి గ్రేడు వేయడం మొదలయ్యేది. మా ఆయన భూతద్దం పెట్టి అట్ట మీద మడతలు లెక్కపెట్టేవాడు. పళ్ళ డాక్టరు తన ఆసుపత్రిలో నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం తెచ్చుకుని, పుస్తకం పూర్తిగా తెరవకుండానే సందులోకి దూర్చి, లోపల కుట్టిన పిన్నులు తుప్పు పట్టాయో లేదో చూసేవాడు. అది రోజూ ఎన్ని నోళ్ళలో తిరుగుతుందో తలుచుకుంటే నాకు కాఫీ దిగేది కాదు. మిల్లాయన మాత్రం వాసన చూసేవాడు. మిర్చి బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నట్టే, పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు.

"చెమ్మ తగిలింది మాస్టారూ. ఇది సెకండు," అనేవాడు.

"అంచు చూడండి షావుకారు గారూ, ఎంత పదునుగా ఉందో. ఫస్టుకి ఏం తక్కువ?" అనేవాడు మా ఆయన.

ఫస్టు, సెకండు, థర్డు. అంతకన్నా దిగువైతే తాలు. ఆ మాట మిల్లాయన తెచ్చిందే. యార్డులో రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయల్ని తాలు కాయలంటారు. రైతు మొహం ఎలా వాడిపోతుందో చూడకుండానే ఆ మాట అనడం మిల్లాయనకి అలవాటు. అదే గొంతుతో పుస్తకాన్ని కూడా తాలు అని పక్కకి తోసేవాడు. గ్రేడు తేలాక మా ఆయన రబ్బరు స్టాంపు తీసేవాడు. గుండ్రటి ముద్ర, అందులో ఆయన పేరు పొడి అక్షరాలు, మధ్యలో గ్రేడు. వెనక అట్ట మూల మీద ఊదారంగు సిరాతో టపీమని కొట్టేవాడు. పోస్టాఫీసులో గుమాస్తాకి కూడా ముద్ర వేసేటప్పుడు అంత గర్వం ఉండదు.

ఒకసారి కాఫీలు తెచ్చి పెడుతూ, వాళ్ళు గంట నుంచీ వాదించుకుంటున్న పుస్తకం వంక చూశాను. అట్ట మీద ముసుగు వేసుకున్న మనిషి ఒకడు నిచ్చెన దిగుతున్నాడు.

"ఇంతకీ ఆ ముసుగులో ఉన్నది ఎవరండీ?" అని అడిగాను.

ముగ్గురూ నా వంక చూశారు. తర్వాత ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"కథలో చివరికి తేలుతుంది కదా, ఎవరని?" అన్నాను.

"అది మనకి అవసరం లేదు చెల్లెమ్మా," అన్నాడు మిల్లాయన. పళ్ళ డాక్టరు కొంచెం సిగ్గుపడ్డట్టున్నాడు, కప్పు తీసుకుని తల వంచుకున్నాడు. మా ఆయన మాత్రం, "కాఫీ బల్ల మీద పెట్టకు, అక్కడ స్టూలు మీద పెట్టు," అన్నాడు.

వాళ్ళకి వాళ్ళు ఏం చేసుకున్నా నాకు ఇబ్బంది లేకపోయేది. మగవాళ్ళకి ఏదో ఒక పిచ్చి ఉంటుంది. మా నాన్న పేకాడేవాడు, మా మామయ్య కోడిపుంజుల్ని పెంచేవాడు. కానీ ఈ ముగ్గురికీ తమ పిచ్చి వల్ల తాము ఊళ్ళో అందరికన్నా ఎత్తులో ఉన్నామనే నమ్మకం ఏర్పడింది. అది నేను కళ్ళారా చూసింది మా పక్కింటి బ్యాంకు గుమాస్తా వచ్చినప్పుడు. మెత్తటి మనిషి. మా ఆయన దగ్గర ఇలాంటివి ఉన్నాయని విని, తను చిన్నప్పుడు దాచుకున్న పిల్లల పత్రికలన్నీ ఒక సంచిలో పెట్టుకుని తెచ్చాడు. సంవత్సరం వారీగా బైండు చేయించాడు. ఎర్ర కాలికో గుడ్డ అట్ట, వీపు మీద బంగారు అక్షరాలు. వాళ్ళ నాన్న చేయించి ఇచ్చారట. ఆ మాట చెబుతూ వీపు మీది అక్షరాల్ని వేలితో తుడిచాడు.

మా ఆయన ఒక సంపుటం తెరిచి, అంచులు చూసి, మిల్లాయన చేతికిచ్చాడు. మిల్లాయన వాసన కూడా చూడలేదు.

"కత్తిరించేశారే," అన్నాడు. "బైండింగు వాడు నాలుగు వైపులా కోసేశాడు. చంపేశారు కదండీ పుస్తకాన్ని."

"అంటే వీటికి..." అన్నాడు గుమాస్తా.

"తాలు," అన్నాడు మిల్లాయన, సంచి వైపు చెయ్యి చూపిస్తూ. ముగ్గురూ నవ్వారు. పెద్దగా కాదు, మర్యాదగానే నవ్వారు, అందుకే ఇంకా అసహ్యం వేసింది. గుమాస్తా సంచి సర్దుకుని, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు.

మరుసటి ఎండాకాలానికి ముందు, మిల్లాయన ఒక కబురు పట్టుకొచ్చాడు. పర్చూరు దాటాక ఒక పల్లెలో, ఒక ముసలమ్మ దగ్గర ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల పెట్టె ఉందట. ఆవిడ వయసులో ఉన్నప్పుడు మిషన్ బంగళాలో దొరల పిల్లల్ని ఆడించేది. ఆ కుటుంబం సముద్రం దాటి సొంత దేశానికి వెళ్ళిపోతూ, మోయలేని సామాను ఆవిడకి వదిలేసిందట. మిల్లాయనకి పత్తి అమ్మే రైతు ఒకడు మాటల్లో ఈ సంగతి చెప్పాడు.

ఈ మాట విన్న దగ్గర్నుంచీ మా ఆయనకి కాలు నిలవలేదు. నన్ను కూడా రమ్మన్నారు. ఎందుకో దాచుకోకుండానే చెప్పాడు మిల్లాయన. "ముగ్గురు మగాళ్ళం కారులో దిగితే ఆవిడ బెదిరిపోతుంది. లేదా రేటు పెంచుతుంది. మీరుంటే ఇంటి మనుషుల్లా ఉంటుంది చెల్లెమ్మా." నన్ను ఎందుకు తీసుకెళ్తున్నారో తెలిసే వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే ఆ తమాషా చూసే భాగ్యం పోతుంది కదా.

మిల్లాయన అంబాసిడర్‌లో బయల్దేరాం. ఊరు దాటగానే దారికి రెండు పక్కలా మిరప కళ్ళాలు. నేలంతా ఎర్రగా ఆరబోసి ఉంది, కూలీలు మూతికి గుడ్డలు కట్టుకుని కాయలు ఏరుతున్నారు. కారు అద్దాలు దించితే గొంతు మండుతోంది, ఎత్తితే ఉడికిపోతున్నాం. దారి పొడుగునా ముగ్గురూ ఒక పథకం వేసుకున్నారు. ముందు మొహంలో ఏమీ కనపడనివ్వకూడదు. ఒక్కొక్కటీ తీసి పెదవి విరవాలి. డాక్టరు పురుగు తిన్నదనాలి. మా ఆయన వీటికి ఇప్పుడు గిరాకీ లేదనాలి. చివర్లో మిల్లాయన జాలిపడి, పోనీలెండి, ముసలావిడ కదా అని, మొత్తం పెట్టెకి ఒక మాట చెప్పాలి.

"పాపం కాదా?" అన్నాను.

"వ్యాపారం చెల్లెమ్మా," అన్నాడు మిల్లాయన. మా ఆయన వ్యాపారి కాదు, లెక్చరరు. అయినా తల ఊపాడు.

ఆవిడది రేకుల ఇల్లు. ముందు చిన్న వసారా, వసారాలో కుక్కి మంచం. తల నెరిసిన మనిషి, పొడగరి, నడుం వంగలేదు. మమ్మల్ని చూసి బెదరలేదు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, మగవాళ్ళకి బల్ల చూపించింది. కొడుకు పొలం వెళ్ళాడని, మంచినీళ్ళిచ్చి, లోపల్నుంచి రేకు పెట్టె ఈడ్చుకొచ్చింది.

మూత తీసింది. మా ఆయన గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. వెంటనే దగ్గినట్టు సర్దుకున్నాడు.

అవి అమెరికా పుస్తకాలు. గుర్రాల మీద తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళ కథలు, చొక్కాలు వేసుకుని మాట్లాడే జంతువుల కథలు. ఆ దొరల పిల్లలు ఎంత జాగ్రత్తగా చదివేవాళ్ళో గానీ, అట్టలు నిన్న షాపులో కొన్నట్టు మెరుస్తున్నాయి. ఆవిడ వాటి మధ్య వేపాకు పొరలు పొరలుగా పరిచింది. మా బీరువాలో ఉన్నవాటిల్లో ఒక్కటీ వీటి కాలిగోటికి చాలదని నాకే తెలిసింది.

పథకం మొదలైంది. డాక్టరు ఒకటి తీసి, ఎండకి పట్టి, పురుగు, అన్నాడు. పురుగు లేదు. మా ఆయన ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి, "వీటిని ఇప్పుడు ఎవరూ అడగటం లేదమ్మా. టీవీలు వచ్చాయిగా," అన్నాడు. మిల్లాయన వాసన చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"అంతా తాలే మాస్టారూ," అన్నాడు.

మా ఆయన కళ్ళు మెరుస్తున్నాయి, నోరు మాత్రం వంకరగా పెట్టుకున్నాడు. కాలేజీలో వందమంది పిల్లలు ఈయన్ని సార్ అని లేచి నిలబడతారు. ఇక్కడ ఒక ముసలమ్మ పెట్టె ముందు గొంతుక్కూర్చుని, అబద్ధం సరిగ్గా ఆడటం కూడా చేతకాక చెమటలు కక్కుతున్నాడు. ఆ క్షణంలో ఆయన నాకు మొగుడిలా కాదు, ఎక్కడో బస్సులో ఎదురు సీట్లో కూర్చున్న ఎవరోలా కనపడ్డాడు.

"అబద్ధం చెబుతున్నాడమ్మా," అన్నాను. "మా ఇంట్లో బీరువా నిండా ఉన్నాయి ఇలాంటివి. వీటిల్లో సగం కూడా బాగుండవు. ఇవి తాలు కాదు, వీళ్ళ లెక్కలో మొదటి రకం. నీ ఇష్టం వచ్చినంత అడుగు, ఇస్తారు."

మిల్లాయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. డాక్టరు పుస్తకాన్ని వేపాకుల మధ్య మళ్ళీ పెట్టేశాడు. మా ఆయన నా వంక చూడలేదు.

ముసలమ్మ నాకు దణ్ణం పెడుతుందనుకోలేదు గానీ, కనీసం నవ్వుతుందనుకున్నాను.

"ఏందమ్మాయ్, మొగుణ్ణి పదిమందిలో అట్టా తీసేస్తావా?" అంది. "కొనేవాళ్ళు కొనేవాళ్ళ మాటే మాట్లాడతారు. మేం యార్డుకి కాయ తోలినప్పుడల్లా వినే మాటే గదా ఇది. నేనేమన్నా పసిపిల్లనా? ఇంటికెళ్ళాక అడిగేదానివి ఆయన్ని."

"నీకు నష్టం కాకూడదని చెప్పాను," అన్నాను.

"నా నష్టం నేను చూసుకుంటాలే." పెట్టె మూత వేసింది. "ఇయ్యాల అమ్మను. నా కొడుకుతో మాట్లాడాల. మళ్ళీ రండి. అమ్మాయ్, నువ్వు మజ్జిగ తాగు."

మజ్జిగ తాగాను. ఆవిడ మాట నేను ఆ రోజూ ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. పదిమందిలో అబద్ధం ఆడినవాడిని పదిమందిలోనే అడగాలి. కానీ ఆవిడ నాకు నచ్చింది. ఆ వసారాలో ఉన్న అయిదుగురిలో తన సంగతి తను చూసుకోగలిగింది ఆవిడొక్కతే.

ఇంటికొచ్చాక మా ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. ఉప్పు కావాలన్నా గోడకి చెప్పేవాడు. నేనూ గోడకే జవాబు చెప్పాను.

ఆ మౌనం ఎలా తెగిందంటే, ఒక సాయంత్రం పళ్ళ డాక్టరు పరుగులాంటి నడకతో వచ్చి ఒక మాట చెప్పాడు. మిల్లాయన ఒక్కడే, ఎవరికీ చెప్పకుండా, మర్నాడే ఆ పల్లెకి వెళ్ళాడట. ముసలమ్మా కొడుకూ అడిగినంతా ఇచ్చి పెట్టె మొత్తం తెచ్చుకున్నాడట. ఆ డబ్బుతో వాళ్ళు పాడి గేదెని కొనుక్కున్నారట. నాకు ఆ గేదె సంగతి విని ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

"నీ వల్లే," అన్నాడు మా ఆయన. చాలా రోజుల తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

"నేనేం చేశాను? మీరు నిజం చెప్పి కొనుక్కోలేకపోయారు. ఆయన కొనుక్కున్నాడు."

"స్నేహితుడు కదా అని నమ్మాను."

"వ్యాపారం అన్నాడుగా కారులో. మీరు తల ఊపారుగా," అన్నాను.

అక్కణ్ణుంచి మా ఇంట్లో ఆదివారాలు ఆగిపోయాయి. మా ఆయనా మిల్లాయనా ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్ళు. నడి వయసు మగవాళ్ళు, ఒకళ్ళు పిల్లలకి పరమాణువుల గురించి చెప్పేవాళ్ళు, ఇంకొకళ్ళు వందమందికి పని ఇచ్చేవాళ్ళు, చొక్కా వేసుకున్న కుందేలు బొమ్మ కోసం పలకరింపులు మానుకున్నారు. డాక్టరు ఇద్దరి మధ్యా తిరుగుతూ అక్కడి మాట ఇక్కడికీ, ఇక్కడి మాట అక్కడికీ మోసేవాడు. ఆయనకి అదొక కాలక్షేపం.

ఏడాది గడిచాక మద్రాసు నుంచి ఒక మనిషి వస్తున్నాడని డాక్టరే చెప్పాడు. పాత బొమ్మల పుస్తకాలు కొని బయటి దేశాలకి పంపిస్తాడట. మిల్లాయన తన ఇంటికి పిలిపించాడు. మా ఆయన్ని కూడా భోజనానికి రమ్మని కబురు పెట్టాడు. స్నేహం కోసం కాదు. తన పెట్టె విలువ ఎంతో మా ఆయన కళ్ళ ముందు తేలాలని. మా ఆయనకి ఆ సంగతి తెలుసు. అయినా వెళ్ళాడు. తన పుస్తకాల్లో మంచివి ఏరి సూట్‌కేసులో పెట్టుకుని మరీ వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

మిల్లాయన భార్య నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. నెమ్మదస్తురాలు. గారెలు తీస్తూ మెల్లగా చెప్పింది.

"లామినేషన్ చేయించారు చెల్లీ. అన్నిటికీ. కొత్తగా మిషను వచ్చిందిగా, ఆ జిరాక్సు షాపులో. పురుగు పట్టదు, చెమ్మ తగలదు అని. మా పెళ్ళి ఫోటో ఒకటి చేయించమని అడిగితే తర్వాత చూద్దామన్నారు."

నాకు మొదట అర్థం కాలేదు. హాల్లోకి వచ్చి చూస్తే అర్థమైంది. మద్రాసు మనిషి సోఫాలో కూర్చున్నాడు, బక్కపల్చటివాడు, మాటలో అరవ యాస. ఆయన ముందు ముసలమ్మ పుస్తకాలు. ఒక్కో అట్టా విడదీసి రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఇస్త్రీ చేసినట్టు అతికించారు. లోపలి కాగితాలు కూడా పిన్నులు పీకేసి, ఒక్కొక్కటీ అలాగే చేయించారు. బల్ల మీద పెడితే టకటకమంటున్నాయి, హోటలు మెనూ కార్డుల్లాగా.

"ఇది ఎవరు చేశారు సార్?" అన్నాడు మద్రాసు మనిషి.

"నేనే దగ్గరుండి చేయించాను. నూరేళ్ళయినా చెక్కు చెదరవు," అన్నాడు మిల్లాయన.

మద్రాసు మనిషి ఒకటి తీసి కిటికీ వైపు పట్టుకుని చాలాసేపు చూశాడు. మంచి కబురు చెప్పాల్సిన ఇంటికి చెడ్డ కబురు తెచ్చినవాడిలా ఉంది మొహం.

"చెదరవు. నిజమే. కానీ ఇప్పుడు ఇవి పుస్తకాలు కావు సార్. వీటిని ఎవరూ కొనరు."

"ఊడదీయలేమా?"

"ప్లాస్టిక్‌తో పాటు బొమ్మ వస్తుంది."

మా ఆయన మొహంలో వెలుగు చూశాను. ఎంత ఆపుకున్నా ఆగటం లేదు. పెళ్ళినాడు తాళి కట్టేటప్పుడు కూడా ఆ వెలుగు లేదు. మెల్లగా సూట్‌కేసు ముందుకి జరిపి, తాళం తీసి, పైనున్న పుస్తకాన్ని సంచిలోంచి తీసి ఆయన చేతికిచ్చాడు.

మద్రాసు మనిషి ముందు అట్ట చూసి తలాడించాడు. వెనక్కి తిప్పాడు.

"ఈ ముద్ర ఏంటి సార్?"

"గ్రేడు. ఫస్టు గ్రేడు అని నేను వేశాను. అన్నీ నేను స్వయంగా పరీక్షించినవే."

"ముద్ర వేసే ముందు ఫస్టు గ్రేడే సార్," అన్నాడు ఆయన. "ఇప్పుడు కాదు." రెండోది తీశాడు, వెనక్కి తిప్పాడు. మూడోది తీశాడు. తర్వాత వేలితో కొసలు మాత్రం ఎత్తి చూసుకుంటూ పోయాడు. అన్నిటి మీదా ఊదారంగు గుండ్రం, అందులో మా ఆయన పేరు పొడి అక్షరాలు.

పళ్ళ డాక్టరు దగ్గర ఉన్నవి తక్కువ. పాత న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చాడు. బద్ధకస్తుడు కాబట్టి వాటికి ఏమీ చేయలేదు. మద్రాసు మనిషి చూసి, ఫరవాలేదన్నాడు, ఒక ధర చెప్పాడు. డాక్టరు బేరం కూడా ఆడలేదు, ఇచ్చేశాడు. మిగతా ఇద్దరూ ఆయన వంక చూసిన చూపు చూస్తే, దేశాన్ని శత్రువుకి అప్పజెప్పాడనుకుంటారు ఎవరైనా. భోజనాల దగ్గర ముగ్గురిలో కడుపు నిండా తిన్నది డాక్టరే.

రిక్షాలో ఇంటికి వస్తుంటే మా ఆయన సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. శంకర విలాస్ దగ్గర బండి ఆగినప్పుడు, "నవ్వుకో," అన్నాడు.

"నవ్వుకుంటూనే ఉన్నాను," అన్నాను.

నిజంగానే నవ్వుకున్నాను. జాలిపడి ఉండాల్సిందని తర్వాత కొందరు అన్నారు. ఆ బ్యాంకు గుమాస్తా సంచి సర్దుకుంటుంటే జాలిపడనివాళ్ళ మీద నేనెందుకు పడాలి?

ఆ తర్వాత ఆయన బీరువాకి తాళం వేయడం మానేశాడు. నేను ఒక్కొక్కటే ప్లాస్టిక్ సంచిలోంచి తీసి మధ్యాహ్నాలు చదివాను. ఇన్నేళ్ళు దాచిపెట్టిన నిధి కదా, ఎంత గొప్పగా ఉంటాయో అనుకున్నాను. చాలా మటుకు చెత్త. దొంగ ఎవరో రెండో పేజీలోనే తెలిసిపోతుంది. గుర్రం మీద వచ్చినవాడే ఎప్పుడూ గెలుస్తాడు. ఆడది ఉంటే అరవడానికే ఉంటుంది. నాలుగైదు మాత్రం బాగున్నాయి, అవి రెండుసార్లు చదివాను. ఈ పాటి కథల కోసమా నా మణికట్టు పట్టుకున్నాడు అనిపించింది.

ఎండాకాలం సెలవులకి చీరాల నుంచి మా అక్క పిల్లలు వచ్చారు. నేను బీరువా తలుపులు బార్లా తీసి, ఏది కావాలంటే అది తీసుకోండి అన్నాను. నాపరాళ్ళ నేల మీద బోర్లా పడుకుని, మామిడిపండు రసం కారుతున్న చేతులతో చదివారు. మూడు రోజుల్లో అట్టలు ఊడాయి. వారం తిరిగేసరికి ఒక్కో పుస్తకం సగం ఒకడి దగ్గర, సగం ఇంకొకడి దగ్గర. మా ఆయన వాలుకుర్చీలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకుని చూసేవాడు. ఒకసారి మాత్రం పెద్దవాడు ఇంగ్లీషు మాట తప్పుగా పలికితే ఆగలేక సరిదిద్దాడు. వాడు ఇంకో మాట అడిగాడు. అదీ చెప్పాడు. కాసేపటికి వాళ్ళ మధ్య నేల మీద కూర్చుని గుర్రం మనిషి మాటలు ఒక గొంతుతో, దొంగ మాటలు ఇంకో గొంతుతో చదివి వినిపిస్తున్నాడు. బాగానే చదివాడు. ఆ మాట ఆయనతో అనలేదు.

దాంతో మనిషి మారాడనుకుంటే పొరపాటు. సెలవులు అయిపోయి పిల్లలు వెళ్ళిన నెలకే మిల్లాయనా ఆయనా రాజీపడ్డారు. డాక్టరే కలిపాడు. ముగ్గురూ మళ్ళీ ఆదివారం మా ఇంటికి చేరారు, ఈసారి పాత నాణేలు పట్టుకుని. దుప్పటి పరిచారు. నాణేలైతే చిరగవు, మడత పడవు అన్నాడు మా ఆయన. వాటిని చింతపండుతో తోమి మెరిపించాలా, వద్దా అని అప్పుడే వాదన మొదలుపెట్టారు.

నేను చీర మార్చుకుని, గొడుగు తీసుకుని, అరండల్‌పేటలో ఉన్న లైబ్రరీకి బయల్దేరాను. ఆ రోజు నుంచి ఆదివారాలు అక్కడే గడిపాను. కాఫీ వాళ్ళే పెట్టుకున్నారు.